సీసామీది చీటీ, స్త్రీమీది చీటీ

మా సోమలలో మా యింటికి నాలుగిండ్ల యవతల నొక యిల్లాలు కాపురమున్నది. ఏబదియేండ్లు దాటిన మనిషి. టమోటా తోటలలో కాయలు కోయుటకును, కోసినవానిని ఏఱి పెట్టెల కెత్తుటకును కూలికి పోవుచుండును. అక్షరములు రావు, కాని తూనికలోను బేరములోను ఆమెను మోసపుచ్చగల వర్తకుని నేనింతవఱకు చూచి యెఱుగను. పట్టణమున చదువుకొనుచున్న మనుమరాలు సెలవులకు వచ్చుచు, దోసెలలోనికి టమోటా సాసు సీసా యొకటి తెచ్చినదట. ఈ కాలపు పిల్లలకు దోసెమీద ఎఱ్ఱకారము చాలదు కాబోలు. ఆ సీసాను కొంగుచాటున పెట్టుకొని యామె యొకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి, “అయివారమ్మా, దీని మీద ఏమేమి రాసిండారో రవ్వంత సదివి చెప్పమ్మా” అని యడిగెను.

నేను సీసాను వెలుతురునకు త్రిప్పి చదివితిని. లోపలి సరకు తూకమెంత, గరిష్ఠపు ధర యెంత, ఏ దినమున తయారైనది, ఎన్ని మాసములలో వాడవలయును, చక్కెర యెంత, ఉప్పెంత, పదునాలుగు అంకెల లైసెన్సు సంఖ్య, శాకాహారమని తెలుపు ఆకుపచ్చ చుక్క, తయారుచేసినవారి చిరునామా. అన్నియు వినిపించితిని. ఆమె తలయూచుచు విని, “ఇయ్యన్నీ సరే. కాయలు ఎవురివి? మన మదనపల్లి మార్కెట్టుకు పోయినవా, కోలారువా?” అనెను.

“అది వ్రాయలేదక్కా” అంటిని.

“అంత సన్నక్షరాల్లో అన్ని రాసినోళ్లు అదొక్కటి రాయలేకపోయినారా? ఎండలో కోసింది మేము. పేరు మాత్రం సీసాకు పోసినోడిదా?”

నాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. చదువు రానిదని మనమనుకొను ఆ యిల్లాలు అడిగిన ప్రశ్న చిన్నది కాదు. దేశదేశముల శాసనసభలు ఏండ్లతరబడి తలలు పట్టుకొని కూర్చున్న ప్రశ్న.

మన దేశమున 2006వ సంవత్సరపు ఆహారభద్రతా ప్రమాణముల చట్టమును, దానిక్రింద 2020లో వెలువడిన నిబంధనలును పొట్లములపై అంటించు చీటీని – ఇప్పుడందఱును లేబులనుచున్న దానిని – శాసించుచున్నవి. పరదేశమునుండి దిగుమతియగు ఆహారపదార్థముపై అది పుట్టిన దేశము పేరు తప్పక వ్రాయవలయును. అయితే ఇందొక చమత్కారము కలదు. ఒక దేశమున పండిన వస్తువు రెండవ దేశమునకు పోయి, అచట దాని స్వరూపము మాఱునట్లుగా తయారైనచో, ఆ రెండవ దేశమే దాని పుట్టుకదేశముగా నెంచబడును. చదువుచుండగా నాకు నవ్వు వచ్చినది. పెండ్లియైన పిల్లకు ఇంటిపేరు మాఱునట్లే యున్నది గదా! ఇంటిపేరు మాఱిన మాత్రమున పుట్టిన ఊరు మాఱునా? ఇక మన దేశములోనే పండి, మన దేశములోనే సీసాకెక్కిన సరకు మాట యందుమా, తయారుచేసినవాని పేరును చిరునామాయు నుండిన చాలును. లోపలి కాయ యే మండలమున పండినదో, ఎవరి పొలములోనిదో వ్రాయుమని చట్టము నిర్బంధింపదు.

అందువలన నష్టమేమని కొందఱడుగుదురు. మదనపల్లె మార్కెట్టును ఎఱిగినవారు అడుగరు. మన దేశమున మిక్కిలి పేరుపొందిన టమోటా మార్కెట్లలో అది యొకటి. ఒక్కొక్క యేడు కోతకూలికి కూడ ధర చాలక రైతులు కాయలను తోటలలోనే విడిచిపెట్టుదురు, రోడ్డుప్రక్కల గుమ్మరింతురు. మఱి 2023 జూలై మాసాంతమున అదే మార్కెట్టులో కిలో 150 రూపాయలు దాటినది. ధర పాతాళమున నున్న నాడును, ఆకాశమునంటిన నాడును సీసామీది చీటీలో అక్షరము మాఱదు. తినువారికి పండించినవారి ముఖము కనబడదు; పండించినవారికి తమ కాయ యెవరి పళ్లెమునకు చేరినదో తెలియదు. నడుమ నున్నవాని పేరొక్కటే తళతళ మెఱయుచుండును.

మామిడి విషయమున ఈ ప్రశ్న మా ప్రాంతమున నొకసారి వీధికే యెక్కినది. తోతాపురి – పెద్దలు బెంగుళూరా యనియు పిలుచు కాయ – చిత్తూరు సీమలో గుజ్జు ఫ్యాక్టరీలకు ప్రాణము. 2025లో పంట విరివిగా వచ్చి ధర పడిపోయినది. ఫ్యాక్టరీలవారు కిలోకు 8 రూపాయలిచ్చునట్లును, ప్రభుత్వము 4 రూపాయలు కలుపునట్లును, మొత్తము 12 రూపాయలు రైతునకు ముట్టునట్లును ఏర్పాటు జరిగినది. ఆ జూన్ మాసముననే పొరుగు రాష్ట్రముల తోతాపురి జిల్లాలోనికి రాగూడదని కలెక్టరు ఉత్తరువు వెలువడినది. సరిహద్దులలో కాపలాలు పెట్టిరి. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరము వ్రాసిరి. సరిహద్దున కావలనున్నవారును మనవంటి రైతులే కదా. వారి కాయ మాత్రమెక్కడికి పోవును? ఆ ఉత్తరువు న్యాయమా కాదా యనునది వేఱు ప్రసంగము. నాకు వింతయైనది వేఱొకటి. లారీలోనున్న కాయను నిలిపి “నీ ఊరేది?” అని యడిగిరి. అదే కాయ గుజ్జై డబ్బాలోనికి పోయిన పిమ్మట ఆ ప్రశ్న యడుగువారే లేరు.

పుట్టిన ఊరి పేరునకు చట్టము గౌరవమిచ్చు సందర్భములు లేకపోలేదు. 1999లో చేయబడి 2003 సెప్టెంబరులో అమలునకు వచ్చిన భౌగోళిక సూచికల చట్టమున్నది. తిరుపతి లడ్డునకు 2009లోను, బనగానపల్లె మామిడికి 2017లోను, అరకు కాఫీకి 2019లోను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023లోను ఆ గౌరవము దక్కినది. ఆ పేరును దొంగిలించి తన సరకునకు పెట్టుకొన్నవానికి ఆఱు మాసములనుండి మూడేండ్లవఱకు చెఱసాల, 50,000 రూపాయలనుండి 2 లక్షలవఱకు జుల్మానా. అబద్ధపు చీటీ యంటించుట నేరమని చట్టమే యొప్పుకొన్నదన్నమాట. ఈ మాటను సోదరీమణులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో మఱల పనిపడును.

పరదేశములలోను ఈ తగవు తీరలేదు. 1887లో ఇంగ్లండు తన చట్టముచేత పరదేశపు సరకులపై పుట్టిన దేశము పేరు వ్రాయించినది. జర్మనీ సరకు చౌకబారుదని జనులు గుర్తించి విడుతురని వారి యూహ. కొన్నియేండ్లకు ఆ గుఱుతే నాణ్యమునకు బిరుదైనది! అమెరికాలో గొడ్డుమాంసము, పందిమాంసములపై దేశము పేరు వ్రాయవలెనన్న నియమమును కెనడా, మెక్సికోలు ప్రపంచ వాణిజ్యసంస్థలో ఎదిరించి గెలువగా 2015లో తొలగించిరి. ఐరోపావారు తేనె సీసాలపై “ఐరోపా తేనె, ఇతర తేనెల మిశ్రమము” అని గుంపుగా వ్రాయుటను సహింపక, ఏ యే దేశముల తేనె యెంతెంత కలిసినదో విడివిడిగా వ్రాయవలయునని 2024లో చట్టమును దిద్దిరి. తేనెలో పాకము కలిపి అమ్మువారి బాధ మన యొక్కరిదే కాదు.

సరకు మాట యిట్లుండగా, ఆ యిల్లాలు అడిగిన “కోసింది మేము, పేరు వాళ్లదా” యన్న మాట నన్ను మఱియొక చీటీవైపు లాగినది. ఆ చీటీ నా మీదనే అంటింపబడినది గనుక చెప్పుటకు నాకధికారము కలదు.

2024 మే 13వ తేదీని మన రాష్ట్రమున ఎన్నికలు జరిగినవి. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. ఎన్నికల విధి వేఱొక నియోజకవర్గమున పడుటచే ముందునాడే పెట్టె సర్దుకొని పోయిరి. తమ ఓటును ఉద్యోగులకొఱకు ఏర్పఱచిన కేంద్రమున అంతకు ముందే వేసిరి. నేను పిల్లలకన్నము పెట్టి, పైని చెప్పిన యిల్లాలిని తోడు తీసికొని పోయి వరుసలో నిలిచితిని. ఎండ మండిపోవుచుండెను. ఓటు వేసి వెలుపలికి రాగానే ఒక పత్రికాప్రతినిధి “సిరాగుఱుతు కనబడునట్లు వ్రేళ్లు పైకెత్తుడమ్మా” యని మా యిరువుర బొమ్మ తీసికొని పోయెను. మఱునాటి పత్రికలో బొమ్మ వచ్చినది. దానిక్రింద: “భర్తలతో కలిసి తరలివచ్చి ఓటు వేసిన గృహిణులు.”

నా భర్త ఆ సమయమున నలువది మైళ్ల యవతల, ఎవరి యోటో సరిచూచుచు కూర్చున్నారు. ఆమె భర్త కాలము చేసి తొమ్మిదేండ్లైనది. నేను చదివి వినిపింపగా ఆమె పమిట నోటికడ్డము పెట్టుకొని, “పోయినోణ్ణి గూడా ఓటుకు పిలుచుకొచ్చినారే, ఎంత ఘనులు!” అని నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ ముక్కను కత్తిరించి సభాపర్వములో పెట్టి దాచితిని.

చిన్న పొరపాటని విడువవచ్చును. కాని ఆ పొరపాటు అటువైపే యేల జరుగును? వరుసలో నిలిచిన పురుషుని బొమ్మక్రింద “భార్యతో కలిసి వచ్చిన” యని పొరపాటున నేల వ్రాయరు? స్త్రీ యోటనగా ఆమె వెనుక నొక పురుషుడో, ఒక చీరయో, ఒక పథకమో ఉండితీరవలయునని వ్రాయువారి మనసులో చీటీ ముందే అచ్చై యున్నది. బొమ్మ పిమ్మట వచ్చును.

ఈ చీటీ క్రొత్తది కాదు. దీనిని చించుటకు మొదట చేయి చాచినవారిలో ఒకరు మా ప్రాంతమున నివసించినవారే యని చెప్పుట నాకు గర్వము. మార్గరెట్ కజిన్స్ అను ఐరిష్ వనిత తన దేశమున స్త్రీల ఓటుకొఱకు పోరాడి చెఱసాలకు పోయివచ్చినది. 1915లో భర్తతో హిందూదేశమునకు వచ్చినది. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసిరి. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు అచట విడిసినప్పుడు మన జాతీయగీతపు వరుసను స్వరములలో వ్రాసి పెట్టినది ఈమెయే; ఆ సంగతి చాలమందికి తెలియును. ఆమె మదనపల్లెలో స్త్రీలను చేర్చి యొక సమాజము నడపినది. దాని పేరు అబలాభివర్ధినీ సమాజము. అమరమున స్త్రీకి చెప్పిన పర్యాయపదములలో “అబల” యొకటి. “భీరువు” మఱియొకటి. మా తండ్రిగారు నాకు పదేండ్ల వయస్సున అమరము వల్లెవేయించుచుండగా “నాన్నగారూ, మా యమ్మ పామును కొట్టినది గదా, భీరువెట్లగును?” అని యడిగి మొట్టికాయ తింటిని. నిఘంటువే చీటీ అంటింపగా పత్రికలవారిని మాత్రమనుటెందుకు?

1917 మే మాసమున అడయారులో స్త్రీల భారతసంఘము ఏర్పడినది. ఆ డిసెంబరు 18వ తేదీని చెన్నపురిలో సరోజినీదేవిగారు ముందు నడువగా స్త్రీల రాయబారము మాంటేగ్ దొరను కలిసికొని, పురుషులతో సమముగా ఓటు కావలెనని కోరినది. ఆ రాయబారమును కూర్చినది మార్గరెట్ గారు. పిమ్మట ఓటుహక్కుల విచారణకు వచ్చిన సౌత్‌బరో సంఘము ఏమనినది? ఈ దేశపు స్త్రీలకు ఇంకను కాలము రాలేదనినది, ఆచారమొప్పదనినది. ఆ స్త్రీలలో ఎంతమందిని అడిగి తెలిసికొన్నారో గాని చీటీ మాత్రము అంటించిపోయిరి. 1919 చట్టము ఆ భారమును రాష్ట్రముల శాసనసభలపై వేసినది. మన చెన్నరాజధాని శాసనసభ 1921 ఏప్రిల్‌లో, దేశమున అన్ని రాజధానులకంటె ముందు, స్త్రీయైన కారణమున ఓటు లేదను నిషేధమును తీసివేసినది. అయినను ఆస్తి యున్నవారికే ఓటు గనుక హక్కు బహుకొద్దిమందికి దక్కినది. 1935 చట్టము ఓటర్ల సంఖ్యను పెంచినది గాని, ఆస్తిగల పురుషుని భార్యయగుటయు స్త్రీ యోటునకొక యర్హతగా చేసినది. “ఫలానివారి భార్య” అనునది అప్పుడు చట్టమే వ్రాసిన చీటీ.

స్వతంత్రభారతమున ఇరువదియొకటవ యేడు నిండిన ప్రతివారికిని ఓటు వచ్చినది. 1951–52లో మొదటి ఎన్నికలు. ఓటర్ల పట్టికలు వ్రాయుటకు ఇంటింటికి పోయినవారికి ఉత్తరదేశమున నొక చిక్కు కలిగినది. వేలకొలది స్త్రీలు తమ పేరు పరపురుషునికి చెప్పుటకు సమ్మతింపక “ఫలానివాని తల్లిని, ఫలానివాని భార్యను” అని మాత్రమే వ్రాయించుకొనిరి. ముఖ్య ఎన్నికల కమిషనరు సుకుమార సేనుగారు అట్టి వ్రాత చెల్లదనిరి. పేరు చెప్పుటకు గడువిచ్చినను చెప్పనివారిని తొలగించిరి. అట్లు బీహారు, ఉత్తరప్రదేశము, రాజస్థానము, మధ్యభారతము, వింధ్యప్రదేశములలో సుమారు 28 లక్షల స్త్రీల పేరులు పోయినవి. సేనుగారు కఠినులని కొందఱందురు. నా మట్టుకు నాకు ఆయన చేసినది సరియే యనిపించును. ఓటు వేయునది “తల్లి” కాదు, “భార్య” కాదు. పేరుగల ఒక మనిషి. కాని ఆ 28 లక్షలమంది ఆ యెన్నికలలో ఓటు లేక మిగిలిరన్న మాట తలచిన కడుపులో దేవినట్లగును. సాసు సీసాలోని కాయవలె వారును ఉన్నారు. వారి పేరు లేదు.

ఇక చదువురాని స్త్రీ ఓటు వేయుటెట్లెఱుగునన్న మాట. దీనికి మన తెలుగునాటనే ప్రత్యుత్తరము దొరకినది. నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడికి స్త్రీలు వచ్చుచుండిరి. వారి వాచకమున సీతమ్మ కథ యను పాఠమొకటి. సారాకు సంపాదన నంతయు తగులబెట్టిన మగని కథ. ఆ పాఠమును కూడబలుకుకొని చదివిన స్త్రీలు అది తమ కథయే యని తెలిసికొని, 1992లో సారా అంగడిని మూయించిరి. వర్ధినేని రోశమ్మ వారికి ముందు నిలిచినది. నిప్పు జిల్లాలు దాటినది. సారా పాటలు ఆగినవి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధమైనది. 1994 డిసెంబరు ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధము చేయుదునని మాటయిచ్చిన ఎన్.టి. రామారావుగారు గెలిచి, ప్రమాణస్వీకార సభలోనే ఆ కాగితముపై చేవ్రాలు చేసిరి. 1995 జనవరి 16న నిషేధము అమలునకు వచ్చినది. అది 1997లో సడలింపబడినది. ఆ దుఃఖము వేఱు. పాఠము చదివి, సీసాలోని సరకేమిటో తెలిసికొని, దానినిబట్టి ప్రభుత్వమును నిలువదీసిన ఆ స్త్రీలను “అమాయకపు ఓటర్లు” అని యెవరనగలరు?

అయినను అనుచునే యున్నారు. పాత చీటీ చినిగిన చోట క్రొత్త చీటీ పడినది. పూర్వము “మగడు చెప్పినట్లు వేయును” అనిరి. ఇప్పుడు “డబ్బిచ్చినవానికి వేయును” అనుచున్నారు. 2019 ఎన్నికలకు ముందు స్వయంసహాయక సంఘముల స్త్రీలకు పసుపు–కుంకుమ యను పేర పదివేల రూపాయల చొప్పున ముట్టినది. ఏప్రిల్ 11న స్త్రీలు రాత్రి ప్రొద్దుపోవువఱకు వరుసలలో నిలిచియుండగా, అది పసుపు–కుంకుమల ఋణము తీర్చుకొనుటయే యని యెందఱో వ్యాఖ్యానించిరి. ఫలితములు వచ్చినవి. ఇచ్చిన ప్రభుత్వము ఓడినది. తరువాతి ప్రభుత్వము అమ్మఒడి, చేయూత మొదలగు పేరులతో స్త్రీల ఖాతాలలోనికే సొమ్ము పంపినది. 2024లో మఱల అదే జోస్యము. ఆ ప్రభుత్వమును ఓడినది. రెండు మాఱులు చీటీ తప్పైనను అచ్చువేయువారు అచ్చు మార్చలేదు. ఇచ్చుట తప్పనిగాని, పుచ్చుకొనుట తప్పనిగాని నేననను. పుచ్చుకొన్నచేయి వేఱు, మీట నొక్కిన వ్రేలు వేఱు అని మాత్రమే యనుచున్నాను.

అసలు స్త్రీలు ఎవరికి వేసిరో ఎవరికి తెలియును? ఓటు రహస్యము. సీసా మూతను విప్పి చూడవచ్చును. ఓటును విప్పి చూచుట నేరము. సర్వేలు చేయువారు కలరు గాని వారును మనము చెప్పిన మాటనే వ్రాసికొందురు. మనమేమి చెప్పవలెనో అది చెప్పుదుము. తెలిసిన లెక్క యొక్కటే కలదు: ఎందఱు వచ్చిరన్నది. 1962 లోక్‌సభ ఎన్నికలలో పురుషులు నూటికి 63.3 మంది ఓటు వేయగా స్త్రీలు 46.6 మందియే వేసిరి. 2019లో స్త్రీలు పురుషులను రవంత దాటిరి. 2024లో స్త్రీలు నూటికి 65.78, పురుషులు 65.55. ఇండ్లలో నీళ్లు పట్టి, వంట ముగించి, పసిపిల్లల నెత్తుకొని వచ్చి దాటిరి. ఈ లెక్క వచ్చిన నాడు పత్రికలలో కనబడునదేమి? గులాబిరంగు బుడగలు కట్టిన “పింక్” పోలింగు కేంద్రము బొమ్మ! గులాబిరంగు మీద నాకు కోపము లేదు గాని, నీడయు త్రాగునీరును చూపించిన నింకను సంతసింతును.

మఱియొక మాట. మా ప్రాంతపు రైతు “మామిడికి ధర కట్టినవానికి ఓటు” అన్న యెడల అది రైతు సమస్య, రాజకీయ చైతన్యము. కూలికి పోవు స్త్రీ “బస్సు టికెట్టు లేకుండ చేసినవారికి ఓటు” అన్న యెడల అది ఉచితములకు లోబడుట. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రమున స్త్రీలకు ఉచిత బస్సు వచ్చినది. వచ్చిననాటినుండి “ఆడవారు ఊరక తిరుగుచున్నారు” అను వ్రాతలకు కొదువలేదు. నేను చెప్పిన యిల్లాలు ఆ బస్సెక్కి పుంగనూరు ఆసుపత్రికి పోయి మోకాళ్లు చూపించుకొన్నది. అదియు ఊరక తిరుగుటయేనా? కిలోకు 4 రూపాయలు మగవాని గిట్టుబాటు. బస్సు ఛార్జీ ఆడుదాని ఆశ! తూచు త్రాసొకటే యైనప్పుడు రాళ్లు రెండు విధములుగా నుండరాదు గదా.

సభాపర్వమున ద్రౌపది కురుసభలో ఏడ్చుటయే కాదు, ఒక న్యాయప్రశ్న యడిగినది: ముందు తన్నోడి పిమ్మట నన్నోడెనా, లేక నన్నోడి పిమ్మట తన్నోడెనా యని. సభలోని పెద్దలు ఆ ప్రశ్నను తూచుట మాని ఆమె యవస్థను చూచుచు కూర్చుండిరి. భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. పత్రికల బొమ్మలలో స్త్రీల అలంకారమును, వరుసలను, సిరాగుఱుతును చూచినప్పుడెల్ల నాకా సభయే మనసునకు వచ్చును. ఏమి యడుగుచు నీమె యిచటికి వచ్చినదని మైకు పట్టుకొన్నవారిలో ఎంతమంది యడిగిరి?

సీసా సంగతి ముగింపక యుండరాదు. మా యిల్లాలి ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేక, ఆ రాత్రియే రెండు ఉత్తరములు వ్రాసితిని. మొదటిది సాసు కంపెనీకి: “మీ సీసాలోని టమోటాలు ఏ ప్రాంతమునుండి వచ్చినవి? కోసిన కూలివారు తెలియగోరుచున్నారు.” చిరునామా వ్రాయవలెనని చట్టమున్నది గనుక అది సీసామీదనే దొరకినది. రెండవది పత్రికకు. సభాపర్వములోని ముక్కను తీసి, దానికొక నకలు జతపఱచి, “బొమ్మలో మాతో లేని మా భర్తలను మీరెచట చూచితిరి?” అని యడిగితిని. ఇన్నాళ్లకేమి యని మావారనిరి. అయినను తపాలాబిళ్ల తామే యంటించిరి.

మూడు వారములకు కంపెనీనుండి ప్రత్యుత్తరము వచ్చినది. ఋతువునుబట్టి దేశములోని వివిధప్రాంతములనుండి కాయలు తెప్పించుకొనుచున్నామనియు, మా శ్రద్ధకు కృతజ్ఞులమనియు అచ్చువేసిన కాగితము. చదివి వినిపించితిని. “వివిధ ప్రాంతాలంటే ఏ ఊరమ్మా?” అనెను ఆ యిల్లాలు. “మఱల వ్రాయుదము” అంటిని. “ఈ తూరి నా పేరుతో రాయి. ఏలిముద్ర వద్దు, సంతకం నేను చేస్తా. నా పేరొక్కటి నేర్పించు చాలు” అనెను.

ప్రతిదినము దీపాలవేళ వచ్చుచున్నది. మొదటి రెండక్షరములు కుదిరినవి. మూడవదాని కొమ్ము ఇంకను ప్రక్కకు పోవుచున్నది. పత్రికవారినుండి ప్రత్యుత్తరము రాలేదు.